తొమ్మిదేళ్లుగా విప్పి బిగిస్తూ వాడుతున్న ఫ్యాట్ పీఎస్2

2016లో మా విజయనగరంలో ఒకాయన గేమ్ పార్లర్ ఎత్తేస్తూ సామాన్లు అమ్ముతుంటే, 1,800 రూపాయలిచ్చి ఈ పీఎస్2 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 2 గేమ్ పెట్టె) తెచ్చుకున్నాను. 50000 సిరీస్ ఫ్యాట్ మోడల్, అంటే సన్నటి స్లిమ్ రాకముందు వచ్చిన లావుపాటి పెట్టె. డిస్కు పెడితే కటకటమని చప్పుడు చేసేది, పదిసార్లు పెడితే రెండుసార్లు చదివేది. అప్పట్నుంచీ దీన్ని విప్పుతూనే ఉన్నాను, ఆడుతూనే ఉన్నాను. చేసిన మార్పుల్లో ఏవి నిలబడ్డాయో, వేటిని తీసేశానో రాస్తున్నాను. పాత పీఎస్2 కొని ఈ సరదాలోకి దిగాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

ముందుగా, కొంటే ఫ్యాటే కొనండి. 2004లో వచ్చిన స్లిమ్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఫ్యాట్ వెనకాల హార్డ్ డిస్కు కోసం సోనీయే వదిలిన గూడు దానికి లేదు. ఆ గూట్లో కంపెనీ నెట్‌వర్క్ అడాప్టర్, పాతకాలపు ఐడీఈ కనెక్టర్ ఉన్న హార్డ్ డిస్కు పట్టేవి. ఆ అడాప్టర్ మన వైపు దొరకడం కష్టం. నేను వేరేవాళ్లు తయారుచేసిన సాటా అడాప్టర్ (ఐడీఈ తర్వాత వచ్చిన కనెక్టర్ ఉన్న డిస్కులకి పనికొచ్చేది) ఆన్‌లైన్‌లో తెప్పించాను. దానికి లాన్ పోర్టు లేదు, నాకు అక్కర్లేదు కూడా. పాడైపోయిన లాప్‌టాప్ నుంచి తీసిన 500 జీబీ డిస్కు దానికి తగిలించి వెనక నుంచి తోసి రెండు స్క్రూలు బిగించాను. సోల్డరింగ్ ఏమీ లేదు. కాకపోతే ఆ గూడు డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే పెద్ద డిస్కు కొలతకి చేసింది. లాప్‌టాప్ డిస్కు కనెక్టర్ మీదే వేలాడుతూ ఉంటుంది. కింద మందపాటి స్పాంజి ముక్క పెట్టేవరకూ, పెట్టె కదిల్తే చాలు ఆట మధ్యలో ఆగిపోయేది.

హార్డ్ డిస్కు బిగించగానే పని అయిపోదు. ఫ్రీ ఎంసీబూట్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పీఎస్2 మెమరీ కార్డు ఒకటి కావాలి. సిస్టమ్ అప్‌డేట్లను మెమరీ కార్డు నుంచి తీసుకునే ఏర్పాటు పీఎస్2లో మొదట్నుంచీ ఉంది. ఆ దారినే ఇది లోపలికొస్తుంది, అందుకే బోర్డు మీద విడిగా చిప్ అతికించనక్కర్లేదు. అక్కడి నుంచి ఓపెన్ పీఎస్2 లోడర్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే హార్డ్ డిస్కులోని ఆటలు వరసగా కనిపిస్తాయి. నా దగ్గరున్న అసలు డిస్కులన్నీ కంప్యూటర్‌లో కాపీ చేసి ఎక్కించుకున్నాను. ఈ తొమ్మిదేళ్లలో చేసిన పనులన్నిటిలోనూ దీనికే మొదటి మార్కు వేస్తాను. లేజర్‌కి విశ్రాంతి దొరికింది, డిస్కుల మీద కొత్త గీతలు పడటం ఆగింది.

ఆ లేజర్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. తెచ్చిన కొత్తలో ఒక రిపేర్ షాపుకి పట్టికెళ్తే, లెన్స్ పక్కనున్న చిన్న పొటెన్షియోమీటర్‌ని (కరెంటుని సర్దే బుల్లి స్క్రూ) కొంచెం తిప్పి ఇచ్చారు. అన్ని డిస్కులూ చదివింది, నేను పొంగిపోయాను. ఆ స్క్రూ అలా తిప్పితే లేజర్‌కి వెళ్లే కరెంటు పెరుగుతుంది, దాని ఆయుష్షు తరుగుతుంది. మూడు నెలలకే లేజర్ పూర్తిగా పోయింది. తర్వాత కొత్త లేజర్ లెన్స్ తెప్పించుకుని నేనే మార్చాను. పాత గ్రీజు ఎండి జిగురులా తయారైంది. లేజర్ జరిగే పట్టాలు తుడిచి కొత్తగా తెల్ల గ్రీజు పల్చగా రాశాను. అసలు రోగం ఆ జిగురేనేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. డిస్కు చదవకపోతే ముందు ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో లెన్స్ తుడవండి, గ్రీజు మార్చండి. స్క్రూ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఫ్యాట్‌లో పవర్ సప్లై పెట్టెలోనే ఉంటుంది. ప్లగ్ పీకిన వెంటనే చెయ్యి పెట్టకండి, కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలవుంటుంది. నేను పావుగంట ఆగుతాను.

ఫ్యాన్ సంగతి వేరు. శబ్దం లేకుండా ఉండాలని అదే 60 మి.మీ. కొలతలో నెమ్మదిగా తిరిగేది వేశాను. చలికాలమంతా హాయిగా ఉంది. మే నెల ఉక్కపోతలో రెండు గంటలు ఆడితే పైమూత మీద చెయ్యి పెట్టలేకపోయాను. మళ్లీ పాత ఫ్యానే కడిగి బిగించేశాను, ఆ శబ్దం ఉంటే ఉండనీ. దానికి బదులు ఏటా ఎండలు ముదరకముందే మూత విప్పి దుమ్ము దులుపుతాను. ముందువైపు చీలికల్లోంచి లోపలికెళ్లే గాలితో పాటు ఎంత దుమ్ము పోతుందో విప్పినప్పుడే తెలుస్తుంది. ఒకసారి బోర్డు పక్కన చీమలు గుడ్లు పెట్టేశాయి. "ఏటిరా, మళ్లీ ఇప్పీసినావా? బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావు?" అని మా అమ్మ ఏటా అంటుంది. ఆ చీమల్ని చూపించాక ఆ ఏడాదికి ఊరుకుంది.

నాకు ఎక్కువ తృప్తినిచ్చింది కంట్రోలర్ పని. వేలితో ఎంత గట్టిగా నొక్కారో కూడా పీఎస్2 కంట్రోలర్ అయిన డ్యూయల్‌షాక్ 2 బటన్లకు తెలుస్తుంది. అందుకోసం బటన్ల కింద సన్నటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. నా కంట్రోలర్‌లో ఆ ఫిల్మ్ చివరని బోర్డుకి నొక్కిపట్టేది ఒక చిన్న ఫోమ్ ముక్క మాత్రమే. ఏళ్లు గడిచేసరికి ఫోమ్ అణిగిపోయి, నొక్కని బటన్లు నొక్కినట్టూ, నొక్కినవి నొక్కనట్టూ ఐపోయాయి. కంట్రోలర్ పోయిందనుకుని రెండు కొత్తవి కొన్నాను. అవి కంపెనీవి కావు, ఎంత నొక్కినా ఒకటే తీరు. చివరికి పాతది విప్పి, అణిగిన ఫోమ్ కింద ఇన్సులేషన్ టేపు రెండు మడతలు వేసి బిగిస్తే బాగైపోయింది. ఖర్చు లేదు, అరగంట పని. అనలాగ్ స్టిక్ మార్చడానికి మాత్రం సోల్డరింగ్ రావాలి. ఒక్కో స్టిక్‌కి ఉన్న కాళ్లన్నిటిలోంచీ సీసం పీల్చేయాలి, తొందరపడితే బోర్డు మీది రాగి లేచిపోతుంది. నేను పాడైపోయిన రేడియో బోర్డుల మీద నెల రోజులు చెయ్యి తిప్పుకున్నాకే దాన్ని ముట్టుకున్నాను.

పీఎస్2ని కొత్త టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ డబ్బీ గురించి అంత చెప్పడానికి లేదు. ముందు సెట్టింగుల్లో కాంపోనెంట్ వీడియోకి మార్చుకోవాలి, లేకపోతే రంగులు సరిగ్గా రావు. అయినా ఆ డబ్బీ బొమ్మని కొత్త టీవీకి చేరవేస్తుందంతే, మెరుగుపరచదు. పైగా మా టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. క్రికెట్ ఆటలో బంతి దాటిపోయాక బ్యాటు ఊపినట్టుండేది. లోడర్‌లో బొమ్మని 480పీ అనే వీడియో పద్ధతికి మారిస్తే తగ్గింది గానీ, కొన్ని ఆటల్లో వీడియోలు చెదిరిపోతున్నాయి. అందుకే 21 అంగుళాల పాత డబ్బా టీవీని ఇంకా అమ్మలేదు. ఆన్ చేసిన ప్రతిసారీ భాష, తేదీ అడుగుతుంటే లోపలి సీఆర్2032 బిళ్ల సెల్ మార్చుకోండి.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరి నిండా చుట్టాలే. పోయినేడు ఆ మంగళవారం మా ఇంట్లో పిల్లలు ఏడుగురు, కంట్రోలర్లు రెండు. సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) కోట వైపు కదిలేవరకూ ఒకరి తర్వాత ఒకరు ఆడుతూనే ఉన్నారు. ఒక్కసారీ ఆగలేదు. వెళ్లేటప్పుడు మా అక్క కొడుకు "మావయ్యా, దీన్ని విప్పి చూపించవా?" అన్నాడు. ఈ వేసవి సెలవుల్లో వాడొస్తాడు. ఒక కంట్రోలర్‌లో ఆర్2 బటన్ మళ్లీ సరిగ్గా పడటం లేదు, వాడి కోసం దాన్ని విప్పకుండా ఉంచాను.