కొత్త స్లాబు మీద పూత, వాటం, కూల్ టైల్స్: ఏడు వానాకాలాల తర్వాత

హైదరాబాద్‌లో 2018 వేసవిలో స్లాబు పడిన ఇల్లు ఇది. పైకప్పు 1,200 చదరపు అడుగులు. కింద నుంచి పైకి వరస: స్లాబు, నీళ్లు దిగనివ్వకుండా రెండు పొరలుగా వేసిన యాక్రిలిక్ సిమెంట్ పూత, దాని మీద బేబీ చిప్స్ (సన్న కంకర) కాంక్రీటుతో నీళ్లు జారిపోయేలా వాటం (ఏటవాలు), ఆపైన అడుగు కొలత తెల్ల కూల్ టైల్స్ (ఎండ వేడిని తిప్పికొట్టే టైల్స్). మెట్ల గది కప్పుకు మాత్రం ఉత్త పూతే. ఒకే ఇంటి మీద రెండు పద్ధతులూ ఉండటంతో తేడా దాచినా దాగదు.

పూత ఏ కంపెనీది కొనాలన్న చర్చకు పెట్టే టైములో సగం తూముల (వాన నీళ్లు కిందికి దిగే పైపుల) దగ్గర నిలబడి పని చేయించుకోవడానికి పెట్టండి. ఇన్నేళ్లలో స్లాబు మధ్యలో ఎక్కడా చెమ్మ దిగలేదు. 2020 అక్టోబర్ 13 నాటి కుండపోతకూ దిగలేదు. చెమ్మ కనిపించింది రెండే చోట్ల: ఒక తూము చుట్టూ, డిష్ యాంటెన్నా బోల్టుల కింద.

తూము ఎందుకు కారుతుందంటే, పీవీసీ పైపు నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు. ఎండకు పైపు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఏడాది తిరిగేసరికి చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది. ఈ ఇంటికి రెండు తూములు. ఒకదానికి పైపు బయటివైపు గరుకు కాగితంతో గీకి, సాల్వెంట్ సిమెంట్ (పైపులు అతికించే జిగురు) పూసి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లి, ఆరాక స్లాబు రంధ్రంలో పెట్టి కుంచించుకుపోని గ్రౌటు (సందు నింపే సిమెంటు మిశ్రమం) పోశారు. అది ఇప్పటికీ చుక్క కారలేదు. రెండోదానికి మేస్త్రి మామూలు మాలుతో కానిచ్చేశాడు. మూడో వానాకాలానికి కింద సీలింగ్ మీద పసుపు మరక. తర్వాత టైల్స్ పగలగొట్టి సరిచేయడానికి అయిన ఖర్చుకు మొదట్లో పది తూములు కట్టొచ్చు.

తూము చుట్టూ అడుగున్నర చదరం మేర వాటం ఇంకో అంగుళం లోతుగా ఉండాలి. పూత పైపు లోపలికి మూడు నాలుగు అంగుళాలు దిగాలి. గంటకు 100 మి.మీ. వాన లెక్కన నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 460 చదరపు అడుగుల నీళ్లనే లాగుతుంది. అంటే 1,200కి మూడు ఉండాల్సింది. ఇక్కడ రెండే పెట్టడం వల్ల పెద్ద వానకు కాసేపు నీళ్లు నిలుస్తాయి. అది ప్లానులోనే జరిగిన తప్పు.

పూత వేసేముందు స్లాబు మీది సిమెంట్ పాల పొరను వైరు బ్రష్షుతో గీకేయాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను రెండంగుళాల ఏటవాలుగా మాలుతో తీర్చాలి, పూతను గోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. స్లాబు తడిసి ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు. ద్రవం బకెట్లో పోసి, పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. కలిపింది అరగంటలో అయిపోవాలి. చిక్కబడితే కూలీలు మగ్గెడు నీళ్లు పోసేస్తారు, పూత అక్కడే చచ్చిపోతుంది. మొదటి కోటు తూర్పు పడమరలుగా, నాలుగైదు గంటలయ్యాక రెండోది ఉత్తర దక్షిణాలుగా. రెండింటికీ కలిపి చదరపు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పట్టాలి. డబ్బాలు మిగిలాయంటే సంతోషించకండి, పలచగా లాగేశారన్నమాట.

వారం ఆగి, తూములు మూసి, రెండంగుళాల నీళ్లు మూడు రోజులు నిలపాలి. కింద సీలింగ్‌కు ప్లాస్టరింగ్ కాకముందే ఈ పరీక్ష పెడితే లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు.

వాటం పది అడుగులకు అంగుళంపావు. ఇరవై అడుగుల దూరానికి తూము దగ్గర మందం ఒకటిన్నర అంగుళం ఉంటే అవతలి చివర నాలుగవుతుంది. అంగుళం మందానికి చదరపు అడుగుకు అయిదు కిలోల పైచిలుకు బరువు, మొత్తం మీద దాదాపు 17 టన్నులు. స్లాబు డిజైన్ చేసే ఇంజినీరుకు ఈ మాట ముందే చెప్పాలి. చాలామంది చెప్పరు.

కూల్ టైల్స్ మీద మే నెల మధ్యాహ్నం ఉత్త కాళ్లతో నిలబడొచ్చు. పక్కనే నీళ్ల ట్యాంకు కింది సిమెంటు దిమ్మె మీద క్షణం ఆగలేం. అయితే టైలుకూ టైలుకూ నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) సందు వదలాలి, పది పన్నెండు అడుగులకోసారి సాగే సీలెంటుతో జాయింటు ఇవ్వాలి. ఇక్కడ పడమర వైపు జాయింటు మరిచారు. నాలుగో వేసవికి వరసగా ఆరు టైల్స్ ఇంటి కప్పులా పైకి లేచాయి. కర్రతో తడితే గుల్ల మోత మోగేవి ఇంకో పది ఉన్నాయి. మూడో ఏడు నుంచి నల్ల పాచి పడుతోంది, తడిస్తే జారుతుంది, తెలుపు తగ్గిన మేర చల్లదనమూ తగ్గుతుంది. బ్రష్షు, సబ్బునీళ్లు చాలు. యాసిడ్ పోస్తే సందుల్లోని సిమెంటును తినేస్తుంది. మెట్ల గది మీది ఉత్త పూతను అయిదో ఏట నుంచి చేత్తో రుద్దితే పొడి రాలుతోంది, మళ్లీ వేయించక తప్పదు.

బయటి గోడల సంగతి కొద్దిగా. ప్లాస్టరింగ్ రెండు పొరలు, 12 మి.మీ., 8 మి.మీ. బస్తాకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ ద్రవం. పిల్లరుకూ ఇటుకకూ మధ్య చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టిన చోట పగుళ్లు లేవు, మరిచిన చోట నిలువునా ఉన్నాయి. రంగుకు 28 రోజులైనా ఆగాలి, తొందరపడిన ముందు గోడకు చౌడు పట్టింది. పిట్టగోడ నెత్తి వాటం లోపలికి ఉండాలి. ఇక్కడ బయటికి ఇచ్చారు, అందుకే రంగు వేయించిన ఏడాదికే నల్ల చారలు.

2024 ఫిబ్రవరిలో ఇళ్ల పైకప్పు మీద సోలార్ పలకలకు సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక సోలార్ వాళ్లు డ్రిల్లు పట్టుకుని మేడలెక్కుతున్నారు. స్టాండు బోల్టు వాటం దాటి పూతను తొలిచిందంటే డిష్ దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుంది. కొత్తగా కడుతున్నవాళ్లు స్టాండు కాళ్లు వచ్చే చోట్ల అడుగు చదరం కాంక్రీటు దిమ్మెలు స్లాబుతోపాటే పోయించి, పూతను వాటి పక్కల మీదికి ఎక్కించమని చెప్పండి. బోల్టులన్నీ ఆ దిమ్మెల నెత్తికే.