వ్యాలీ ఫోర్జ్ సైనిక శిబిరం: పిల్లలతో వెళ్ళేవారికి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న వ్యాలీ ఫోర్జ్‌లో యుద్ధమేదీ జరగలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనలు ఫిలడెల్ఫియాను ఆక్రమించుకున్న తరువాత అమెరికా సేనాని జార్జ్ వాషింగ్టన్ దాదాపు 12,000 మంది సైనికులతో 1777 డిసెంబరు 19 నుంచి 1778 జూన్ 19 వరకు ఇక్కడ విడిది చేశాడు. ఆ ఆరు నెలల్లో సుమారు 2,000 మంది రోగాల పాలై మరణించారు. ఈ సంగతిని పిల్లలకు కారులోనే చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే కోటలనూ కత్తులనూ ఊహించుకుని దిగిన పిల్లలకు కనుచూపు మేర పరచుకున్న పచ్చిక మొదట నిరాశనే కలిగిస్తుంది.

చాలామంది సందర్శకుల కేంద్రంలోని ప్రదర్శనశాలతో మొదలుపెడతారు. పదేళ్ళలోపు పిల్లలుంటే ముందుగా సైనికుల నివాసాలైన మ్యూలెన్‌బర్గ్ బ్రిగేడ్ (ఒక సైనిక దళం) గుడిసెలకు వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. ఇవి అసలు గుడిసెలు కావు, తరువాతి కాలంలో తిరిగి కట్టినవి. అయినా పిల్లలు లోపలికి వెళ్ళి తాకి చూడగలరు. గుడిసె 16 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉండాలనీ, ఒక్కో దానిలో 12 మంది సైనికులు ఉండాలనీ వాషింగ్టన్ ఆజ్ఞాపించాడు. ప్రతి రెజిమెంటులో అందరికంటే త్వరగా, పనితనంతో కట్టిన బృందానికి 12 డాలర్ల బహుమతి కూడా ప్రకటించాడు. లోపల మసక చీకటి, ఒకదానిపై ఒకటిగా అమర్చిన చెక్క పడకలు, వెనుక గోడకు పొయ్యి, దుంగల సందుల్లో కూరిన మట్టి కనిపిస్తాయి. మా పిల్లలు ఆ పడకలపై ఒదిగి పడుకుని, పన్నెండు మందీ తమ బూట్లనూ తుపాకులనూ ఎక్కడ పెట్టుకునేవారని అడిగారు. చాలామందికి బూట్లే లేవని చెప్పినప్పుడు వాళ్ళు చాలాసేపు ఆ మాటే మాట్లాడారు. పిండిలో నీళ్ళు కలిపి నిప్పుల మీద కాల్చుకున్న ‘ఫైర్ కేక్’ గురించి కూడా అక్కడే చెప్పాలి.

వాషింగ్టన్ అద్దెకు తీసుకున్న రాతి ఇల్లు చిన్నది, మెట్లు ఇరుకు. చంటిపిల్లల బండిని బయటే వదలాలి. 1917లో అంకితం చేసిన స్మారక తోరణం దగ్గర పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత చోటుంది. ఇంగ్లీషు సరిగా రాకపోయినా దుబాసీల సాయంతో సైన్యానికి కవాతు నేర్పిన ప్రష్యా (నాటి ఒక జర్మన్ రాజ్యం) అధికారి స్టూబెన్ విగ్రహం దగ్గర తప్పక ఆగాలి. పెద్ద పిల్లలకు అన్నిటికంటే నచ్చే కథ ఆయనదే.

ప్రవేశ రుసుము లేదు. రుసుము తీసుకుని నడిపే ట్రాలీ బస్సు పర్యటనలో వివరణ బాగుంటుందిగాని, గంటన్నర పాటు కూర్చోవడం చిన్నపిల్లలకు కష్టం. సుమారు 16 కిలోమీటర్ల పర్యటన మార్గంలో సొంత కారులో ఆగుతూ వెళ్ళడం నయం. జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకుంటే, అందులోని పనులు పూర్తి చేసిన పిల్లలకు బ్యాడ్జి ఇస్తారు. లోపల భోజనశాల లేదు కాబట్టి పులిహోర, పెరుగన్నం వెంట తీసుకెళ్ళి పిక్నిక్ బల్లల దగ్గర తినవచ్చు. జింకలు విరివిగా తిరిగే చోటు గనుక ఎత్తైన గడ్డిలోకి పిల్లలను పోనివ్వకూడదు. లైమ్ అనే జబ్బును వ్యాపింపజేసే పిడుదులు ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఇల్లు చేరాక అవి పట్టుకున్నాయేమోనని పిల్లల మోకాళ్ళ వెనుక, చెవుల వెనుక తప్పక చూడాలి.

బసకు ఫిలడెల్ఫియా నడిబొడ్డు కంటే వ్యాలీ ఫోర్జ్ పక్కనే ఉన్న కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊరు నయం. కారు నిలిపే ఖర్చు కలిసివస్తుంది. మేము దిగిన హోటల్లో గదులు శుభ్రంగా ఉన్నాయి కాని, ఉదయపు ఫలహారంలో శాకాహారులకు రొట్టె, పండ్లు తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. మరో రోజు వీలైతే ఫిలడెల్ఫియాలో 2017లో తెరిచిన అమెరికన్ విప్లవ ప్రదర్శనశాలకు వెళ్ళాలి. దానికి టికెట్టు కొనాలి, అయినా వాషింగ్టన్ యుద్ధకాలంలో వాడిన అసలు గుడారం అక్కడ ఉంది గనుక, గుడిసెలు చూసి వచ్చిన పిల్లలకు ఆ ఖర్చు పెట్టవచ్చు.