పీట్ నేల మీద రాత్రి పరుగుకు 8 మి.మీ. లగ్స్ షూస్: మూడు సీజన్లు వాడాక

బెంగళూరు రోడ్ల మీద వేసుకోవడానికి ఈ షూస్ కొనకండి. రబ్బరు మెత్తన, తారు మీద కొద్ది రోజులకే లగ్స్, అంటే అడుగున పొడుచుకొచ్చిన రబ్బరు పళ్లు, అరిగిపోతాయి. ఇవి ఇంగ్లండులోని హై పీక్ మారథాన్ లాంటి పోటీలకు పనికొచ్చేవి: నలుగురేసి జట్లు, ఈడేల్ ఊరి నుంచి రాత్రిపూట బయల్దేరి, సుమారు 40 మైళ్లు బురద గుట్టల మీదుగా తిరిగి అక్కడికే. దారిలో వచ్చే బ్లీక్‌లో (Bleaklow) అనే గుట్ట ఎత్తు 633 మీటర్లు, బెంగళూరు దగ్గరి మన నంది హిల్స్‌లో సగం కూడా లేదు. కష్టమంతా నేలతోనే.

ఆ నేల పీట్. నాచు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుపోయిన నల్లటి మెత్తటి పొర అది. దమ్ము చేసిన వరి మడిలో దిగినవాళ్లకు దాని తీరు సగం తెలిసినట్టే. మడిలో కాలికి అడుగున గట్టి నేల తగులుతుంది, పీట్‌లో కొన్నిచోట్ల మోకాలి దాకా దిగినా తగలదు. అక్కడక్కడా నీళ్లు కోసిన కాలువలుంటాయి, అక్కడివాళ్లు గ్రఫ్‌లంటారు. వాటి ఒడ్లు నున్నగా, నిటారుగా ఉంటాయి. 8 మి.మీ. లగ్స్ విలువ తెలిసేది ఆ ఒడ్లు ఎక్కేటప్పుడే. 5 మి.మీ. లగ్స్ ఉన్న మామూలు ట్రెయిల్ షూస్ జారే చోట ఇవి పట్టుకుంటాయి. లగ్స్ పొడవు ఒక్కటే చూసి కొనొద్దు, వాటి మధ్య ఎడం కూడా చూడాలి. ఎడం తక్కువైతే మట్టి ఇరుక్కుని అడుగు చదునైపోతుంది. మన ఎర్రమట్టి పీట్ కంటే జిగట కాబట్టి, వాన పడిన మర్నాడు బెంగళూరు శివారులోని తురహళ్ళి అడవి వైపు ఒకసారి పరుగెత్తితే ఆ సంగతి తేలిపోతుంది.

వీటి అసలు లోపం తడి రాయి. లగ్స్ కొసలు మాత్రమే తగులుతాయి కాబట్టి పట్టు తక్కువ. స్నేక్ పాస్ రోడ్డు దాటాక మిల్ హిల్ దాకా బాట మీద రాతి పలకలు పరిచి ఉంటాయి. బ్లీక్‌లో గుట్ట బురద తర్వాత అవి కనబడగానే కాళ్లు వాటంతటవే వేగం పెంచుతాయి. పడేది అక్కడే. అడుగులు చిన్నవి చేసి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. బెంగళూరు దగ్గరి సావనదుర్గ బండ మీద, వాలు తక్కువున్న చోట, చినుకుల్లో ఈ నడక సాధన చేయొచ్చు.

నీళ్లు లోపలికి రాని పొర ఉన్న రకం తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఆ పొర పక్కల నుంచి వచ్చే తడిని ఆపుతుంది, కానీ కాలు చీలమండ దాటి దిగగానే నీళ్లు పైనుంచి నిండుతాయి, ఇక బయటికి పోవు. రాత్రంతా చెంబెడు చల్లనీళ్లు మోసినట్టే. నీళ్లు వచ్చి పోయే మెష్, లోపల పలుచని ఉన్ని సాక్స్, అంతే. నూలు సాక్స్ తడిస్తే చల్లబడి ఒరుసుకుంటాయి. వేళ్ల మధ్య, మడమకు వాజలీన్ దట్టంగా రాయాలి.

సైజు దగ్గర రోడ్డు లెక్క పనికిరాదు. రోడ్డు షూస్ ఒక నంబరు పెద్దవి తీసుకునే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. వదులుగా ఉన్నది బురదలోనే ఉండిపోతుంది. సాయంత్రం పాదం కాస్త ఉబ్బినప్పుడు, పరుగులో వేసుకునే సాక్స్‌తోనే కొలత చూడండి. ముందు అర బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు, మడమ మాత్రం కదలకూడదు. లేసుల్ని చివరి రంధ్రంలో ఉచ్చులా తిప్పి మడమ దగ్గర బిగించి, రెండు ముడులు వేసి, కొసలు లోపలికి దోపాలి. కాలు దిగబడితే మడమ ముందు లేపి గుంజొద్దు. పాదాన్ని కాస్త పక్కకు ఒరిగిస్తే అడుగున గాలి దూరుతుంది, అప్పుడు నెమ్మదిగా లాగితే షూతో సహా వస్తుంది.

జట్టు పోటీలో లేసు ఊడితే అది ఒక్కరి సమస్యగా మిగలదు. ఒకరు ఆగితే నలుగురూ ఆగాలి, గాలికి నలుగురూ చల్లబడతారు. గడ్డకట్టిన వేళ్లతో తడి ముడి విప్పడం ఎంత కష్టమో బెంగళూరు డిసెంబరు రాత్రి కూడా నేర్పదు. అందుకే గ్లవ్స్ వేసుకుని ముడి వేయడం ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. స్నేక్ పాస్ దగ్గర, తారు మీద నిలబడి ఉండగానే అందరూ లేసులు తడిమి చూసుకోవాలి.

అడుగు ఎక్కడ వేయాలో తెలియకపోతే ఏ షూ కూడా కాపాడదు. ముదురు గోధుమరంగు హెదర్ పొదలున్న చోట నేల కాస్త గట్టి. తుంగలాంటి గడ్డి దుబ్బుల మీద కాలు నిలుస్తుంది. లేత పచ్చగా మెరిసే నాచు కనబడితే చుట్టు తిరిగి పోవాలి, అది లోతు. పొగమంచులో తలకు కట్టిన లైటు వెలుగు కళ్లలోకే తిరిగొచ్చి ఇవేవీ కనబడనివ్వదు. లైటు నడుము దగ్గర పట్టుకుంటే నీడలు పడి నేల ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి.

ముందు చెడేది చిటికెనవేలు వంగే చోట మెష్. కొత్తవిగా ఉన్నప్పుడే చెప్పులు కుట్టే అతని చేత అక్కడ నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టిస్తే మరో సీజన్ వస్తాయి. తర్వాత బొటనవేలి ముందు రబ్బరు అంచు ఊడుతుంది. రెండు వైపులా ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అదిమి, సైకిల్ ట్యూబు ముక్కతో రాత్రంతా కట్టి ఉంచాలి. రుద్దకుండా అంటిస్తే మొదటి బురదకే ఊడుతుంది.

పరుగయ్యాక సబ్బు లేకుండా పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఇన్‌సోల్ తీసి, న్యూస్‌పేపరు కుక్కి, రెండు గంటలకోసారి మార్చాలి. ఎండలో పెట్టొద్దు, బాల్కనీ నీడ చాలు. వేడికి జిగురు వదులుతుంది.

ముందు భాగం లగ్స్ 4 మి.మీ. కన్నా తగ్గితే, మడమ కింద ఇంకా కొత్తగానే ఉన్నా, పీట్‌కు పనికిరావు. అప్పుడు తురహళ్ళికి వాడుకోండి.