రాయగడ–కోరాపుట్ లైన్లో మోడల్ పెట్టెలకు చప్పుడు, వెలుగు

మోడల్ రైలు ఇంజన్‌కి సౌండ్ పెట్టడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. లోక్‌సౌండ్, సౌండ్‌ట్రాక్స్ లాంటి డీకోడర్ (ఇంజన్‌లో అమర్చే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) తెప్పించుకుంటే హారన్ దగ్గర్నుంచి బ్రేకు దాకా అందులోనే ఉంటాయి. పెట్టెల సంగతే వేరు. మన ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ పాత రకం) పెట్టెలో కూర్చున్నవాళ్లకి వినిపించే టకటక, ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ బ్లాకులు చక్రాన్ని ఒరుసుకునే కీచు నాకు తయారుగా ఎక్కడా దొరకలేదు. వెళ్లి మనమే పట్టుకోవాలి. మాది బరంపురం. హిరాఖండ్‌లో విజయనగరం మీదుగా రాయగడ వెళ్లి, అక్కణ్నుంచి కోరాపుట్ లైనంతా తిరిగాను. ఈ పిచ్చి ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రాయగడ. మజ్జిగౌరమ్మ గుడికి మన వైపు నుంచి జనం బాగా వస్తారు కాబట్టి లాడ్జీల్లో, టిఫిన్ హోటళ్లలో తెలుగుతోనే పని జరిగిపోతుంది. స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకుంటే రాత్రంతా గూడ్సు బళ్ల హారన్లే. కునుకు పట్టదు, కానీ రికార్డింగుకి అంతకంటే మంచి గది లేదు. కిటికీ తీసి, మైక్‌కి ఫోమ్ తొడిగి పెట్టేస్తే చాలు. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం గుడి వైపు దిగడం మేలు.

నన్ను రాయగడకి కట్టిపడేసింది మొబైల్ రిపేర్ షాపులు. బజారులో ఒకాయన నా పెట్టె పైకప్పు ఊడదీసి చూసి, "ఏటి బాబూ, బొమ్మ రైలుకి ఇంత పనా!" అన్నారు. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. సౌండ్ డీకోడరు, మోడల్ వాళ్లు వాడే చిన్న స్పీకరు ఆ ఊళ్లో దొరకవు. బదులుగా ఆయన ఫోన్ రింగర్ తీసి ఇచ్చారు. రింగర్‌ని ఊరికే అతికిస్తే చీమ గొంతే వస్తుంది. వెనక గాలి బయటికి పోకుండా ప్లాస్టిక్ డబ్బీ కట్టి మూసేస్తే నిండుగా పలుకుతుంది. ఎంత మూసినా అంత చిన్న రింగర్ కింది స్థాయి మోతను మోయలేదు. కాబట్టి రికార్డింగులో 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ముందే కోసేయాలి. లేకపోతే గరగర.

లైట్లకి ఆయన చేసిన పని ఇంకా నచ్చింది. డీసీసీ (పట్టాల గుండానే ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) పట్టాల మీద సుమారు 14 వోల్టులు ఉంటాయి, ధ్రువాలు క్షణక్షణం మారుతుంటాయి. అందుకని చక్రాల నుంచి వచ్చే కరెంటుని ముందు దాన్ని ఒకే దిశకి మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్‌లోకి పంపాలి. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు పోగా మిగిలినదాన్ని ఒక కిలో ఓమ్ రెసిస్టెన్స్ ఆపుతుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, అది చాలు. పట్టా మీద దుమ్ముకి లైట్లు మిణుకుమనకుండా 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కండెన్సర్ వేశారు. నేను అడగకుండానే దాని ముందు 100 ఓమ్‌లు, పక్కన డయోడు కూడా కట్టారు. ఒకేసారి అన్ని పెట్టెల కండెన్సర్లు నిండితే పట్టాలకి కరెంటు ఇచ్చే బూస్టర్ షార్ట్ అనుకుని ఆగిపోతుంది కదా, అది రాకుండా. డబ్బులు అతి తక్కువ తీసుకున్నారు.

ఇక లైను. రాయగడ నుంచి కోరాపుట్ దాకా 30కి పైగా సొరంగాలు, మెలికలు తిరిగే ఘాట్. మామూలు లైన్లలో పట్టాలు పొడుగ్గా వెల్డింగ్ చేసేశాక టకటక తగ్గిపోయింది. ఇక్కడ పదునైన మలుపుల్లో అతుకులు ఇంకా వినిపిస్తాయి. పాసింజర్‌లో ఐసీఎఫ్ పెట్టె చూసి, చక్రాల ట్రాలీకి సరిగ్గా పైన ఉన్న సీటులో కూర్చోండి. పట్టా పొడవు 13 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 1.3 సెకన్లకో అతుకు వస్తుంది. ట్రాలీలో రెండు ఇరుసుల మధ్య 2.896 మీటర్లు కాబట్టి 'ట'కీ 'క'కీ మధ్య 0.29 సెకను. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలో ఆ దూరం 2.56 మీటర్లే. ఆ తేడా చెవికి తెలుస్తుంది! పైగా దానికి డిస్క్ బ్రేకులు, కీచు వేరు. రెండు రకాల పెట్టెలకీ ఒకే ఫైలు పెట్టడం నాకు మనసొప్పదు.

అసలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ స్కేలు (1:87)లో ఆ పట్టా 149 మిల్లీమీటర్లు, 915 మిల్లీమీటర్ల చక్రం 10.5 మిల్లీమీటర్లు అవుతాయి. అంటే నాలుగున్నర చుట్లకో టకటక. ఇరుసుకి చిన్న అయస్కాంతం, పైన అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెడితే ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు వేగం లెక్కకడుతుంది. నెమ్మది, మధ్యస్థం, జోరు అని మూడు క్లిప్పులు మైక్రో ఎస్‌డీ కార్డులో ఉంచి డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే ఆడియో బోర్డుతో మార్చుకోవచ్చు. ఒక్కో దెబ్బకి ఒక్కో క్లిప్పు మోగించాలని చూడకండి, ఆ బోర్డు మొదలెట్టడంలో ఆలస్యం చేస్తుంది.

కోరాపుట్ చల్లగా, హాయిగా ఉంటుంది. శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి చూసుకోవచ్చు. స్టేషన్ ఊరికి కాస్త దూరం, చీకటి పడితే ఆటో ముందే మాట్లాడుకోవాలి. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లకి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అయినా హారన్ కోసమైతే రాయగడ కంటే ఇదే మంచిది. వాహనాల రొద లేదు, కొండలు తిరిగి పలుకుతాయి. రైల్వే గేటుకి ముందుండే డబ్ల్యూ/ఎల్ (హారన్ కొట్టమని చెప్పే) బోర్డు దగ్గర డ్రైవర్ హారన్ కొట్టి తీరాలి. గేటు బయట రోడ్డు పక్కనే నిలబడండి, పట్టాల మీదికి వెళ్లొద్దు. ప్లాట్‌ఫారం మీద మైకు స్టాండు పెట్టాలంటే స్టేషన్ మాస్టర్‌ని అడగండి.

రాత్రి ప్రయాణంలో లైట్ల రంగులు రాసుకున్నాను. పాత పెట్టెల్లో ట్యూబులైటు తెలుపు, పడుకునే వేళకి నీలం దీపం, చివరి పెట్టె వెనక మిణికే ఎర్ర దీపం. ఎర్రదాన్ని మిణికించడానికి 555 ఐసీ (టైమర్ చిప్పు) చాలు.

తిరుగు ప్రయాణం గుణుపురం, పర్లాకిమిడి మీదుగా పెట్టుకున్నాను. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో నౌపడ నుంచి మొదలై, 1931కి గుణుపురం చేరి, 2004లో బ్రాడ్‌గేజ్ కోసం ఆగింది. దాని చప్పుడు ఇప్పుడు పట్టుకోలేం. గుణుపురంలో ముసలివాళ్లు దాని గురించి అడిగితే ఆప్యాయంగా చెప్తారు, ఫోన్లో రికార్డు చేసుకోనిస్తారు కూడా. బసకి గుణుపురం కంటే పర్లాకిమిడి నయం, అక్కడ మంచి భోజనం దొరుకుతుంది. ఆ లైను గేజ్ 762 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 8.76. ఇంకా చిన్న మోడళ్లు చేసే ఎన్ స్కేలు వాళ్ల 9 మిల్లీమీటర్ల పట్టా దాదాపు అచ్చంగా సరిపోతుంది. ఆ పెట్టెల్లో తెల్ల ఎల్‌ఈడీ పెట్టకండి. 2700 కెల్విన్ పసుపు వెలుగే వేసి, రెసిస్టెన్స్ పెంచి బాగా తగ్గించండి.