తెల్లగీతకు లోపల, వెలుపల: మా అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ గురించి

సైనిక్‌పురి వైపు ఉన్న ఒక ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రంలో మా అబ్బాయిని చేర్పించి ఎనిమిది నెలలు పూర్తయ్యాయి. వాడికి పదేళ్లు. వారానికి మూడు రోజులు, ఒక్కో రోజు గంటన్నర శిక్షణ. నెలకు 3,500 రూపాయల ఫీజు. కేంద్రం పేరు గాని, కోచ్ పేరు గాని ఇక్కడ రాయడం లేదు. ఆయనలో నాకు నచ్చని ఒక విషయాన్ని వివరంగానే చెప్పబోతున్నాను కనుక పేరు బయటపెట్టకుండా చెప్పడమే మర్యాద అనిపించింది. హైదరాబాద్‌లో ఇప్పుడు పేటకొక టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం), టర్ఫ్‌కొక కోచ్ అన్నట్టుగా ఉంది. పిల్లల్ని ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులకు ఈ అనుభవం ఉపయోగపడుతుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

చేర్పించే ముందు ఆయన గురించి మాకు తెలిసిందల్లా ఒక వీడియో, ఒక ఫ్లెక్సీ, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన నాలుగు మాటలు. వీడియోలో ఆయన మైదానం అంచున ఉండే తెల్లగీత వెంబడి పరుగెత్తుతూ, మెడనరాలు ఉబ్బేలా అరుస్తూ, ఒక పిల్లవాడిని చేత్తో వెనక్కి వెళ్లమని సైగ చేస్తూ కనిపిస్తారు. ఫ్లెక్సీ మీద నల్ల టీషర్టు వేసుకుని, చేతులు కట్టుకుని, చిరునవ్వన్నది లేకుండా నిలబడ్డారు. గ్రూపులో ఒకరు "చాలా స్ట్రిక్టు, పిల్లలు దారిలో పడతారు" అని రాస్తే, ఇంకొకరు "మా వాడు ఇంట్లో ఎవరి మాటా వినడు, ఆ సార్ పేరు చెబితే మాత్రం లేచి కూర్చుంటాడు" అని మెచ్చుకున్నారు. మావారికి ఆ మాటలు ధైర్యమిచ్చాయి, నాకు భయం కలిగించాయి. మా వాడు గట్టిగా మాట్లాడితే ముడుచుకుపోయే రకం.

సదుపాయాల సంగతి క్లుప్తంగా చెబుతాను. టర్ఫ్ పాతదే అయినా ఎక్కడా చిరగలేదు, ఫ్లడ్‌లైట్లు బాగా వెలుగుతాయి, తాగునీళ్లు ఉంటాయి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి సరైన గది లేకపోవడం పెద్ద లోపం, దీని గురించి రెండుసార్లు చెప్పినా ఇంకా ఏమీ చేయలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లు ఆడే 5వ నంబరు బంతి కాకుండా 4వ నంబరు బంతినే ఇస్తారు. చూడటానికి చిన్న విషయమే కాని, ఈ తేడా పాటించని చోట్లు కూడా నేను చూశాను. ఇరవై రెండు మంది పిల్లలకు ఆయన, ఒక సహాయకుడు ఉంటారు. ఆయనకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే ప్రాథమిక స్థాయి డి లైసెన్సు ఉంది, అడగ్గానే చూపించారు.

శిక్షణ మాత్రం నేను ఊహించిన దానికంటే ఎంతో మేలైనది. మొదటి రోజు నుంచే పిల్లలందరినీ పెద్ద మ్యాచ్‌లోకి దించి గుంపుగా బంతి వెంట పరుగెత్తించడం ఉండదు. నలుగురేసి జట్లుగా విడదీసి చిన్న స్థలంలో ఆడిస్తారు, దాంతో ప్రతి పిల్లవాడికీ బంతి మళ్లీ మళ్లీ కాలికి తగులుతుంది. నెలలో ఒక సాయంత్రం కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకో సాయంత్రం డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ ముందుకు వెళ్లడం, పూర్తిగా నిషేధం. బంతి అందిన వెంటనే పక్కవాడికి పాస్ ఇవ్వాలి. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగితే, "ఇది మన హైదరాబాద్ పద్ధతే మేడమ్, రహీం సాబ్ పెట్టింది" అన్నారు. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బలహీనమైన కాలితో ఆడించే పోటీలు, డ్రిబ్లింగ్ లేని పోటీలు ఈ నగరంలోనే నడిపారని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఆ రోజుల్లో పేరున్న రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆ వారసత్వం ఒక ఫ్లెక్సీ మీద పేరుగా మిగిలిపోకుండా, మా వాడి ఎడమకాలి దాకా వచ్చిందంటే నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఇక అరుపుల సంగతి. శనివారాల్లో పిల్లల మధ్యే మ్యాచ్ పెడతారు. ఆ రోజు తల్లిదండ్రులు చాలామంది మైదానం చుట్టూ కట్టిన వల అవతల నిలబడి చూస్తారు. రెండో నెలలో ఒక శనివారం మా వాడు గోల్‌కీపర్‌కు వెనక్కి ఇచ్చిన పాస్ నెమ్మదిగా వెళ్లడంతో అవతలి జట్టువాడు మధ్యలో అందుకుని గోల్ చేశాడు. కోచ్ గీత దగ్గర నుంచి "కళ్లు ఎక్కడ పెట్టుకుని ఆడుతున్నవ్?" అని అరిచిన అరుపు పార్కింగ్‌లోకి కూడా వినిపించింది. మా పక్కన నిలబడ్డ ఒక తండ్రి "అట్లా చెబితేనే తలకెక్కుతది" అని తల ఊపారు. మా వాడు ఏడవలేదు. ఆ తర్వాత రెండు క్లాసులకు మాత్రం సరిగ్గా బయలుదేరే వేళకు కడుపునొప్పి అన్నాడు. ఆ వారమే వాడిని మాన్పించేద్దామని నేను నిర్ణయించుకున్నాను.

మాన్పించకపోవడానికి కారణం ఒక వాన. మూడో క్లాసు రోజు ఎలాగో నచ్చజెప్పి పంపాను. తీసుకురావడానికి బయలుదేరితే ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర నీళ్లు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. నేను చేరేసరికి యాభై నిమిషాలు ఆలస్యమైంది. లైట్లు ఆర్పేశారు, గేటు దగ్గర ఒక్క బల్బు మాత్రం వెలుగుతోంది. రేకుల కింద మెట్టు మీద కోచ్, ఆయన పక్కన మా వాడు, ఇంకొక పిల్లవాడు కూర్చుని ఉన్నారు. ఆయన సంచిలోంచి బంతులు ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉన్నవి కుడివైపు, గాలి తగ్గినవి ఎడమవైపు పెడుతున్నారు. మా వాడి చేతిలో పంపు ఉంది. సూదిని ముందు నీటితో తడిపి, ఆ తర్వాత మెల్లగా లోపలికి పోనివ్వాలని, పొడి సూది గుచ్చితే లోపలి రబ్బరు చిరిగి బంతి పాడవుతుందని ఆయన చెబుతుంటే, వాడు నాలుక కొస బయటపెట్టి ఎంతో శ్రద్ధగా ఆ పని చేస్తున్నాడు. ఆ గొంతు శనివారం నేను విన్న గొంతు కాదు. "బలం పెట్టకు నాన్నా, అదే పోతది" అంటున్నారు. నేను వచ్చిన సంగతి వాళ్లు గమనించేలోపు రెండు మూడు నిమిషాలు అలాగే నిలబడి చూశాను.

రెండో పిల్లవాడు దగ్గరలోని ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు. అతని దగ్గర ఫీజు తీసుకోరని, రోజూ తన స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపి వెళతారని మా వాడే కారులో చెప్పాడు. పిల్లలకు పొట్టివైపోయిన బూట్లను అడిగి తీసుకుని, సైజు చూసి కొనలేని వాళ్లకు ఇవ్వడానికి ఆయన ఒక అట్టపెట్టె కూడా పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఇవేవీ ఆయన వీడియోల్లో కనిపించవు.

తర్వాతి వారం వెళ్లి నేరుగానే అడిగాను: ఇంత ఓపికగా మాట్లాడగలిగిన మీరు మైదానంలో అలా ఎందుకు అరుస్తారు? ఆయన కాసేపు మౌనంగా ఉండి చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. "అరవకపోతే పైసలు వసూలు కాలేదనుకుంటరు మేడమ్. మొదటి ఏడాది నేను అరవలే. ముగ్గురు వచ్చి, సార్ మీరు మెత్తగున్నరు, మా పిల్లలకు భయం లేదు అని తీసుకపోయిన్రు. ఆ వీడియో పెట్టినంక పద్నాలుగు మంది కొత్తగా వచ్చిన్రు." ఇందులో తనను తాను సమర్థించుకునే ధోరణి ఏమీ లేదు. ఆయన చెప్పింది నిజమో కాదో నేనే చూసుకున్నాను. తల్లిదండ్రులు ఎక్కువగా ఉండని బుధవారాల్లో రెండుసార్లు పక్క భవనం మొదటి అంతస్తు నుంచి చూశాను. ఆ రెండు రోజుల్లో ఆయన విజిల్ వినిపించింది, గొంతు వినిపించలేదు. తప్పు చేసిన పిల్లవాడి దగ్గరికి నడిచి వెళ్లి, ఒక మోకాలి మీద కూర్చుని, బూటు ఏ వైపు తిరిగి ఉండాలో చేత్తో పట్టుకుని చూపించారు.

అంటే మేము భయపడిందీ, మెచ్చుకున్నదీ ఒక వేషాన్ని. ఆ వేషాన్ని కుట్టించింది కూడా మేమే. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. కోచ్ అనగానే మనకు కళ్లెర్రజేసే మనిషి కావాలి. క్రమశిక్షణ అంటే కేకలే అన్నట్టు మన ఇళ్లలో, బడుల్లో తరాలుగా అలవాటు చేసుకున్నాం. ఆ ఊహకు తగ్గట్టు ఆయన బయటి రూపాన్ని మలచుకున్నారు.

ఆ కోచ్ తానే పేరెత్తిన రహీం సాబ్ కథనే చూడండి. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. క్రమశిక్షణ విషయంలో ఎవరినీ వదిలిపెట్టేవారు కాదని ఆయన దగ్గర ఆడినవారు చెప్పేవారు. మా టర్ఫ్‌కు కూతవేటు దూరంలోని అమ్ముగూడలో పుట్టిన భారత జట్టు ఆటగాడు తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ నుంచి ప్రాక్టీసుకు రావడానికి తన దగ్గర డబ్బు లేకపోతే సైకిలు అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చారని చెప్పుకున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దాదాపు లక్ష మంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించి దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టు ఆయనది. ఆ ఫైనల్‌కు ముందు రాత్రి ఆయన ఆటగాళ్లను పిలిచి, రేపు నాకొక కానుక కావాలి, స్వర్ణం గెలవండి అని అడిగారని ఆ జట్టులోని వారు జీవితాంతం గుర్తుచేసుకున్నారు. అది ఆజ్ఞ కాదు, అభ్యర్థన. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కాఠిన్యం, ఆయన ఆప్యాయత రెండూ ఆటగాళ్లకు ఒకే చోట, ఒకే మనిషిలో అందాయి. మా కోచ్‌లో మాత్రం ఒకటి గీత లోపల, మరొకటి లైట్లు ఆర్పాక గేటు దగ్గర ఉండిపోయాయి. నా ఫిర్యాదంతా ఇదే.

ఎందుకంటే గేటు దగ్గరి మనిషిని చూసే అవకాశం అందరు పిల్లలకూ దొరకదు. మా వాడికి దొరకడం వాన పుణ్యం. మూడో నెలలో ఒక తొమ్మిదేళ్ల అమ్మాయి మానేసింది. చక్కటి ఎడమకాలి ఆట, అందరికంటే ముందే వచ్చి కోన్లు పేర్చేది. సరిగ్గా ఆరు గంటలకు వాళ్ల తాతయ్య వచ్చి తీసుకెళ్లిపోయేవారు కనుక ఆ పాపకు తెలిసింది శనివారం గొంతు ఒక్కటే. కోచ్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం వాడిపోయింది. "నాకు చెప్పలేదు మేడమ్" అన్నారు. పిల్లలు చెప్పరు, కడుపునొప్పి అంటారు.

అయిదుగురు తల్లిదండ్రులం కూర్చుని మాట్లాడుకుని, శనివారాల్లో వల దగ్గర నిలబడకూడదని అనుకున్నాం. కుర్చీలు గేటు అవతలికి జరిపించాం. అరవమని అడిగేవాళ్లం కాదు కాని, అరిచినప్పుడు తల ఊపే వాళ్లం మేమే కదా. గడచిన ఆరు వారాలుగా ఆయన గొంతు చాలా తగ్గింది. పూర్తిగా మారారని చెప్పను; మొన్న వేరే కేంద్రం పిల్లలతో మ్యాచ్ పెట్టినప్పుడు, అవతలి కోచ్ అరుస్తుంటే ఈయన కూడా పాత గొంతు ఎత్తారు. ఆట ముగిశాక తాను అరిచిన పిల్లవాడి దగ్గరికి అందరి ముందే వెళ్లి, భుజం మీద చేయి వేసి మాట్లాడారు. అది నేను మొదటిసారి గీత లోపల చూసిన దృశ్యం.

రేటింగు అడిగితే ఐదుకు నాలుగు ఇస్తాను. శిక్షణకు ఐదు ఇవ్వవచ్చు. ఆ తగ్గిన ఒకటి మానేసిన అమ్మాయి కోసం, ఇంకా కట్టని ఆ గది కోసం. వచ్చే మూడు నెలల ఫీజు నిన్ననే కట్టాం. ఇప్పుడు మా వాడే బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడుతున్నాడు, తడిపిన సూది గురించి వాళ్ల తమ్ముడికి పాఠం చెబుతున్నాడు.

మీ పేటలో ఏ కోచ్ దగ్గర చేర్పించాలన్నా వీడియోలు చూసి నిర్ణయించుకోకండి. ట్రయల్ క్లాసుకు వెళ్లినప్పుడు, తల్లిదండ్రులు ఎవరూ రాని వారపు రోజు ఒకటి ఎంచుకోండి. వల దగ్గర కాకుండా దూరంగా కూర్చోండి. క్లాసు అయిపోగానే పిల్లవాడిని తీసుకుని బయలుదేరకుండా, చివరి పిల్లవాడి ఇంటివాళ్లు వచ్చేదాకా ఒక అరగంట ఆగండి.