విన్‌ఎస్‌సీపీ: సగం ఫైలుకు తోక తగిలించే సాఫ్ట్‌వేర్

తెనాలిలో నాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్ షీట్లు ఇక్కడే డిజైన్ చేసి, ప్రింటు కోసం విజయవాడలో ఒక ల్యాబ్ వాళ్ల సర్వర్‌లోకి ఎక్కిస్తాను. 12 బై 36 షీటు ఒక్కోటి 20 ఎంబీ దాకా వస్తుంది. ఆల్బమ్‌కు 40 షీట్లు.

ఇంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్ ఫైలును అసలు పేరుతోనే ఎక్కించేది. ఒకరోజు మధ్యలో కరెంటు పోయింది. ల్యాబ్ వాళ్ల ప్రోగ్రాముకు ఫోల్డర్‌లో జేపీజీ కనబడితే చాలు, ప్రింటుకు పంపేస్తుంది. "అన్నా, తలంబ్రాల షీటు కింద సగం బూడిద రంగు పెట్టావేంటి, కొత్త డిజైనా?" అని కుర్రాడు ఫోన్ చేశాడు. చూస్తే పైన తలలూ చేతులూ ఉన్నాయి, పీటలు లేవు. ఆ ప్రింటు ఖర్చు నా నెత్తినే పడింది.

అప్పటి నుంచి విన్‌ఎస్‌సీపీయే వాడుతున్నాను. సర్వర్‌కు ఫైళ్లు పంపే ఈ ప్రోగ్రాము విండోస్‌లోనే నడుస్తుంది, ఉచితం. ఎస్‌ఎఫ్‌టీపీలో (ఫైళ్లను భద్రంగా పంపే పద్ధతి) 100 కేబీ దాటిన ఫైలు ఎక్కుతున్నంతసేపూ పేరు చివర 'డాట్ ఫైల్‌పార్ట్' అనే తోక ఉంటుంది. మొత్తం ఎక్కాకే తోక తీసి అసలు పేరు పెడుతుంది. సగం ఫైలు ల్యాబ్ ప్రోగ్రాము కంట పడదు. నాకు ఈ ఒక్కటి చాలు. కరెంటు వచ్చాక అదే ఫైలు మళ్లీ పంపితే, ఆగిన చోటి నుంచి కొనసాగించాలా అని అడుగుతుంది కూడా.

అయితే ఇక్కడే ఒక గుంట ఉంది, నేను పడ్డాను. మధ్యలో ఆగిన షీటును ఫొటోషాప్‌లో కాస్త దిద్ది, అదే పేరుతో సేవ్ చేసి, కొనసాగించాలా అంటే 'యెస్' నొక్కాను. అది ఎన్ని బైట్లు ఎక్కాయో చూసి మిగతాది అతికిస్తుంది, లోపలున్నది పాతదా కొత్తదా చూడదు. తల పాతది, మొండెం కొత్తది! ఫైలును ముట్టుకుంటే మాత్రం 'నో' అనండి, సగం ముక్కను తీసేసి మొదటి నుంచి పంపుతుంది.

ఆగిన ఫైలును పేరు మార్చి పంపితే ఇంకో తంటా. పాత ఫైల్‌పార్ట్ అనాథలా సర్వర్‌లోనే ఉండిపోతుంది. ల్యాబ్ వాళ్లు నాకిచ్చిన స్థలం నిండిపోయిందని మెసేజ్ వస్తే వెతికాను, 3 జీబీ దాకా ఇవే. విన్‌ఎస్‌సీపీ ఫైండ్‌లో ముందు నక్షత్రం గుర్తు (*) పెట్టి ఆ తోక పేరు కొడితే అన్నీ ఒకేసారి బయటపడతాయి. వీటిని తనంతట తను ఊడ్చే ఏర్పాటు లేకపోవడం నాకు నచ్చలేదు.

మన కంప్యూటర్లో మిగిలేవాటి సంగతి వేరు. సర్వర్‌లోని ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఒక కాపీ విండోస్ టెంప్ ఫోల్డర్‌లోకి వస్తుంది. సిస్టమ్ హఠాత్తుగా ఆగితే అది ఉండిపోతుంది గానీ, తర్వాత ప్రోగ్రాము తెరిచినప్పుడు తీసేయనా అని అదే అడుగుతుంది.

మొన్న ల్యాబ్ కుర్రాడు సాయం చేద్దామని నా ఫోల్డర్‌లోని ఫైల్‌పార్ట్‌లన్నీ డిలీట్ చేశాడు. అప్పుడే నేను సీమంతం ఆల్బమ్ ఎక్కిస్తున్నాను. తోక తీసి పేరు మారుద్దామంటే ఫైలే లేదు, ఎర్రర్. "తమ్ముడూ, తేదీ చూడు, నిన్నటివి తీసెయ్, ఇవాళ్టివి ముట్టుకోకు" అని చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను.