కడిగించాక కార్పెట్‌లో తేలిన నీడలు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా హాల్లో కార్పెట్ వేయించి ఆరేళ్లయింది. నైలాన్‌ది, లేత బూడిద రంగు, కట్ పైల్. అంటే పోగుల కొసలు కత్తిరించి నిలబెట్టిన రకం, చెయ్యి వేస్తే మఖమల్‌లా ఉంటుంది. ఈ ఆరేళ్లలో నాలుగుసార్లు మనుషుల్ని పిలిపించి వేడినీళ్ల మెషిన్‌తో కడిగించాను. మెత్తదనానికీ మన్నికకూ వంక పెట్టను. నన్ను ఏడిపించినవల్లా కడిగించిన ప్రతిసారీ తేలే నీడలే.

మొదటిసారి కడిగి వాళ్లు వెళ్లిపోయాక, సాయంత్రం లైటు వేసి చూస్తే హాలంతా దున్నిన చేనులా చారలు. ఒకటి ముదురు, దాని పక్కది లేత. మా అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి, "డబ్బులిచ్చి మరీ మరకలు పెట్టించుకున్నావా?" అన్నారు. నేను ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. మర్నాడు వచ్చినతను ఏమీ వాదించలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి, "ఒక్కసారి ఇటొచ్చి చూడండమ్మా" అన్నాడు. వెళ్లి చూస్తే ముదురు చారలు లేతగా, లేతవి ముదురుగా కనిపిస్తున్నాయి! సగం కోపం అక్కడే దిగిపోయింది.

పోగు వాలి దాని పక్కభాగం మనవైపు ఉంటే వెలుతురు తిరిగి కంటికి కొడుతుంది, లేతగా కనిపిస్తుంది. కొసలు మనవైపు ఉంటే వెలుతురు పోగుల సందుల్లోకి దిగిపోతుంది, ముదురుగా కనిపిస్తుంది. మెషిన్ గొట్టాన్ని ముందుకు తోసినప్పుడు పోగు అటు వాలుతుంది, వెనక్కి లాగినప్పుడు ఇటు వాలుతుంది. తడిగా, వేడిగా ఉన్నప్పుడు ఎటు వాలితే అటే ఆరిపోతుంది. ఆవు నాకిన దూడ ఒంటి మీద వెంట్రుకలు పాయలుగా నిలిచిపోతాయే, అలాగన్నమాట. రంగు ఎక్కడా మారలేదు. కానీ ఈ సంగతి ముందే చెప్పి, వెళ్లేముందు ఒకసారి దువ్వి వెళ్తే నా గొడవా ఉండేది కాదు, అతనికి రెండోసారి తిరుగుడూ ఉండేది కాదు. అందుకు మాత్రం వాళ్లకు మార్కులు తగ్గిస్తాను.

అయితే ప్రతిదీ నీడేలే అని వదిలేస్తే మోసపోతాం. రెండోసారి కడిగించాక, పూర్తిగా ఆరేసరికి టీపాయ్ పక్కన గోధుమరంగు మచ్చ ఒకటి తేలింది. ఎటునుంచి చూసినా ముదురే. తెల్లటి నూలుగుడ్డ తడిపి గట్టిగా పిండి రుద్దితే గుడ్డకు రంగంటింది. ఎప్పుడో ఒలికిన టీ అది. పైన తుడిచేశాం కానీ అడుగుపట్టలోకి ఇంకింది అలాగే ఉండిపోయింది. కార్పెట్ తడిసి ఆరేటప్పుడు ఆ నీళ్లతోపాటు పోగుల వెంట పైకి పాకి కొసల దగ్గర పేరుకుంది, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు. దానికి దువ్వెన పనికిరాదు. మచ్చను కొద్దిగా తడిపి, మడత పెట్టిన తెల్ల తువ్వాలు వేసి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దునకు టీ తువ్వాలులోకి వచ్చేసింది. రెండోరాత్రి కూడా అలాగే చేస్తే మిగిలిందీ పోయింది.

ఆ తర్వాతే కార్పెట్ రేక్ కొన్నాను. పొడుగుపిడి, మొద్దు ప్లాస్టిక్ పళ్లు, చూడ్డానికి గడ్డి లాగే దంతెలా ఉంటుంది. నాలుగేళ్లుగా వాడుతున్నాను. కడగడం అవ్వగానే, తడి ఉండగానే, లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ ఒకే దిక్కుగా దువ్వుకుంటూ రావాలి. పావుగంట పని. తర్వాత ఫ్యాను పెట్టేసి, ఆరేదాకా ఎవరినీ తొక్కనివ్వకూడదు. మా ఇంట్లో పది పన్నెండు గంటలు పడుతుంది. ఇలా చేసిన రెండుసార్లూ చారలు ఒక్కటీ మిగల్లేదు. ఆరిపోయాక దువ్వితే మాత్రం ఫలితం అంతంతమాత్రమే. పిడి అతుకు ఏడాదికల్లా వదులైంది, టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను. లూప్ పైల్ కార్పెట్, అంటే పోగుల కొసలు కత్తిరించకుండా ఉచ్చులుగా వదిలేసిన రకం, ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు, పళ్లు ఉచ్చుల్లో తగులుకుని పోగు లేచిపోతుంది.

గుమ్మం నుంచి సోఫా దాకా నడకదారి కాస్త మసకబారింది. అది మురికి కాదు. చెప్పుల కింది ఇసుకకు పోగులు గీసుకుపోయాయి, పోయిన మెరుపును ఏ మెషినూ తిరిగి తీసుకురాలేదు.

ఇక మిగిలింది సోఫా ముందున్న పెద్ద మచ్చ. అంచులు వంకరటింకరగా, చెంబుడు నీళ్లు ఒలికినట్టుంటుంది. మూడోసారి కడిగించాక కొట్టొచ్చినట్టు కనపడింది. వీళ్లే పాడుచేశారనుకుని పాత ఫోటోలు తీసి చూస్తే, కడగకముందు తీసిన ఫోటోల్లోనూ లీలగా ఉంది. మురికి కమ్మి ఉండటంతో మా కళ్లకు ఆనలేదంతే. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని వాటర్‌మార్కింగ్ అంటారు, పూలింగ్ అని కూడా అంటారు. ఆ మేర పోగులన్నీ ఎదురుదిక్కుకు తిరిగి అలాగే స్థిరపడిపోతాయి. కట్ పైల్ రకాల్లో, ఎంత ఖరీదైనవాటిలోనైనా రావచ్చు.

దువ్వాను. తడిగుడ్డ మీదుగా ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టించి మళ్లీ దువ్వాను. నాలుగురోజులు బుద్ధిగా ఉండి, మళ్లీ మొదటికొచ్చింది. తలలో సుడి లాంటిది, ఎంత నూనె రాసి అణిచినా ఆరగానే లేచి నిలబడుతుంది. దానికోసమే నాలుగోసారి కడిగించడం నా తెలివితక్కువ. కార్పెట్ ఇంకా శుభ్రమై మచ్చ ఇంకా స్పష్టమైంది.

ఈసారి కొంటే లూప్ రకమో, రెండు మూడు రంగుల పోగులు కలిసిన చుక్కల రకమో కొంటాను. ఒకే లేతరంగు మఖమల్ రకం మాత్రం వద్దు. ఉన్నదాన్ని తీసేసే ఆలోచన లేదు, పాదాలకు అంత హాయిగా ఉంటుంది మరి. సోఫాను మూరెడు ముందుకు జరిపాం, సగం మచ్చ దాని కింద దాక్కుంది. మిగతా సగం దగ్గరికి వచ్చేసరికి, కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ తడి అనుకుని అడుగు పక్కకు వేస్తారు.